ఎల్లలు ఎవరివి? - ఆఫ్రికా నవలలో పాలనా ప్రాంతం

1

మన విమర్శలో ‘ప్రాంతీయత’ అనే మాటకు చాలా కాలంగా గౌరవం ఉంది. ఒక నవలలో ఒక జిల్లా మాండలికం, అక్కడి పంటలు, జాతరలు, సామెతలు కనిపిస్తే దాన్ని ప్రాంతీయ నవల అంటాం. రచయితకు మట్టి వాసన తెలుసునని మెచ్చుకుంటాం. మెచ్చుకోవడంలో తప్పు లేదు. కాని అంతకు ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ ప్రాంతం ఎక్కడి నుంచి వచ్చింది? దాని ఎల్లలు ఎవరు గీశారు? ఏ అవసరం కోసం గీశారు? ఆ గీత వల్ల ఎవరి పొలం ఎవరి చేతికి పోయింది? ఈ ప్రశ్నలు వేసుకోకుండా మాండలికాన్నీ జాతరనూ లెక్కపెడుతూ కూర్చుంటే విమర్శకుడు చేసేది గెజెటీరు గుమాస్తా పనే అవుతుంది.

ఈ ప్రశ్నల్ని నేర్చుకోవడానికి ఆఫ్రికా నవల కన్నా మంచి చోటు లేదని నా అభిప్రాయం. కారణం స్పష్టం. అక్కడ జిల్లా, రాష్ట్రం, దేశం అనేవి చాలాచోట్ల తాతల కళ్ళ ముందే పుట్టాయి. ఆ తాతల కొడుకులూ మనుమలూ నవలలు రాశారు. ఏ గీత ఎప్పుడు పడిందో, అది పడినప్పుడు ఊళ్ళో ఎవరు నవ్వారో ఎవరు ఏడ్చారో వాళ్ళకు ఇంటి మాటల్లోనే తెలిసింది.

ఈ నవలల గురించి మన దగ్గర రెండు రకాల మాటలు వినిపిస్తాయి. అవి తెగల జీవితాన్ని చూపే చిత్రపటాలు అనేది మొదటిది. అవి సామ్రాజ్యవాద వ్యతిరేక రచనలు అనేది రెండవది. మొదటి మాట రచయితల్ని అవమానిస్తుంది. రెండవ మాట నిజమే. అయితే అక్కడితో ఆగిపోతే చెప్పవలసినది చెప్పినట్టు కాదు. సామ్రాజ్యవాదం ఊరి మనిషి దగ్గరికి ఆ పేరుతో రాదు. జిల్లా కమిషనరుగా, దుబాసీగా, తలపన్ను రసీదుగా, సరిహద్దు కంచెగా వస్తుంది. ఈ రూపాలను నవలాకారుడు ఎంత నిర్దిష్టంగా పట్టుకున్నాడు అన్నదాన్ని బట్టే అతని దృక్పథం బలమో బలహీనతో తేలుతుంది.

2

ముందుగా చరిత్ర కొంత చూడాలి. 1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి వరకు బెర్లిన్‌లో 14 రాజ్యాల ప్రతినిధులు సమావేశమయ్యారు. వారిలో ఆఫ్రికా ప్రజల ప్రతినిధి ఒక్కరు లేరు. ఆ సభలోనే ఖండాన్నంతా ముక్కలు కోసి పంచుకున్నారని చెప్పడం పరిపాటి. నిజానికి ఆ సభ పంపకానికి నియమాలు చేసింది. గీతల్లో ఎక్కువ భాగం ఆ తరువాతి రెండు మూడు దశాబ్దాల్లో, రెండేసి రాజ్యాల మధ్య ఒప్పందాలుగా పడ్డాయి. ఈ తేడా ముఖ్యం. ఖండవిభజన ఒకనాటి దుర్మార్గం అనుకుంటే అది కథగా ముగిసిపోతుంది. అది ఏళ్ళ తరబడి సాగిన కచేరీ పని అని తెలిస్తే, దాని వెనుక ఉన్న లెక్కలు కనిపిస్తాయి.

1890లో బ్రిటన్, జర్మనీలు చేసుకున్న ఒప్పందం ప్రకారం జర్మన్ నైరుతి ఆఫ్రికాకు జాంబెజీ నది దాకా సుమారు 450 కిలోమీటర్ల పొడవున తోకలాంటి నేల వచ్చింది. నది మీదుగా తూర్పు తీరానికి చేరవచ్చని జర్మనీ ఆశ. దిగువన విక్టోరియా జలపాతం ఉంది. ఆ దారిన ఓడ పోదు. ఆశ పోయింది, తోక మిగిలింది. దానికి అప్పటి జర్మన్ ఛాన్సలరు కాప్రివి పేరు పెట్టారు. నమీబియా ప్రభుత్వం 2013లో ఆ ప్రాంతానికి జాంబెజీ అని పేరు మార్చింది. పేరు మారింది గాని గీత మారలేదు.

పశ్చిమాన ఫ్రెంచివారు 1919లో అప్పర్ వోల్టా అనే వలసను ఏర్పరచారు. 1932లో దాన్ని రద్దుచేసి ఐవరీ కోస్ట్, సూడాన్, నైజర్ వలసలకు పంచారు. అందులో జనసాంద్రత గల మోసీ ప్రాంతంలో పెద్ద భాగం ఐవరీ కోస్ట్‌కు చేరింది. అక్కడి కాఫీ, కోకో తోటలకు కూలీలు కావాలి. 1947లో రాజకీయ అవసరం మారగానే అదే వలసను మళ్ళీ నిలబెట్టారు. 1984లో అది బుర్కినా ఫాసో అయింది. ఒక దేశం పుట్టడం, మాయమవడం, తిరిగి పుట్టడం ఇంత తేలికగా జరిగినప్పుడు, ప్రాంతం అంటే నేల స్వభావమనీ ప్రజల ఆత్మ అనీ చెప్పే మాటలు ఎక్కడ నిలుస్తాయి?

దక్షిణాన బెచువానాలాండ్ సంగతి ఇంకా విడ్డూరం. నేటి బోట్స్వానా అదే. 1965 వరకు దాని పాలనా కేంద్రం మెఫికింగ్. ఆ పట్టణం ఆ దేశంలో లేదు. సరిహద్దుకు అవతల దక్షిణాఫ్రికాలో ఉంది. పాలించబడే ప్రజ ఒక దేశంలోనూ, వారి ఫైళ్ళు మరో దేశంలోనూ ఉండేవి.

ఇక నైజీరియా. 1914 జనవరి 1న ఉత్తర, దక్షిణ రక్షిత ప్రాంతాలను కలిపి ఒక్కటిగా చేసిన లుగార్డ్ 1858లో మన మద్రాసులో పుట్టినవాడు. ఉత్తర ప్రాంతపు పద్దులో లోటు, దక్షిణ ప్రాంతపు పద్దులో మిగులు ఉండటం ఆ కలయికకు ఒక ప్రధాన కారణం. అమీర్ల చేతనే ఉత్తరాన్ని పాలింపజేసిన పరోక్షపాలన పద్ధతిని అతడు ఒక సిద్ధాంతంగా దిద్దాడు. నవాబును గద్దె మీద ఉంచి రెసిడెంటు చేత నడిపించడం మన సంస్థానాల ప్రజలు ఎరిగిన విద్యే. అయితే అమీరు లేని చోట ఏం చేయాలి? తూర్పు నైజీరియాలో ఇబో ప్రజలకు చాలాచోట్ల రాజులు లేరు. ఊరి పెద్దలు కూర్చుని మాట్లాడుకునేవారు. అట్లాంటి చోట ప్రభుత్వం ఒక కాగితం ఇచ్చి రాజును తయారుచేసింది. వారే వారంట్ ఛీఫ్‌లు. 1929లో పన్ను వేస్తారన్న భయంతో, ఈ ఛీఫ్‌ల అధికారం మీద తిరగబడి అక్కడి స్త్రీలు వేలాదిగా కదిలారు. తుపాకి కాల్పుల్లో 50 మందికి పైగా స్త్రీలు చనిపోయారు.

చినువా అచెబె నవలలకు భూమిక ఇదే.

3

‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ (1958) చదివినవారు ఒకొంక్వో పతనం గురించి చాలా మాట్లాడారు. నేను ఇక్కడ మరో విషయం చూపదలచాను. ఉముఓఫియా అంటే ఒక ఊరు కాదు, తొమ్మిది పల్లెల కూటమి. దానికి సర్వే రాళ్ళు లేవు. అంగడి రోజు, దేవత గుహకు పోయే కాలిబాట, శవాలను పారవేసే దుష్టారణ్యం, ఆడపిల్లల నిచ్చిన ఊళ్ళు, పగగల ఊళ్ళు - ఇవే దాని ఎల్లలు. తప్పు చేసిన ఒకొంక్వో ఏడేళ్ళు ప్రవాసం పోవలసి వస్తే తల్లి పుట్టిన ఊరు మబాంటాకు పోతాడు. అంటే ఆ భౌగోళికంలో శిక్షకూ చోటుంది, శిక్షపడినవాడిని కడుపులో పెట్టుకోవడానికీ చోటుంది.

ఆ నవల చివర జిల్లా కమిషనరు ఒకొంక్వో శవాన్ని చూసి, తాను రాయబోయే పుస్తకంలో ఈ సంగతికి ఒక పేరా ఇవ్వవచ్చునని లెక్కవేసుకుంటాడు. ఆ పుస్తకానికి శీర్షిక కూడా ముందే సిద్ధం. ఈ ముగింపులోని వ్యంగ్యాన్ని అందరూ మెచ్చుకుంటారు. కాని దాన్ని శిల్ప చమత్కారంగా మాత్రమే తీసుకోవడం సరికాదు. తొమ్మిది పల్లెల జీవితం ఆ కమిషనరు పుస్తకంలో ‘దిగువ నైగర్’ అనే పాలనా ప్రాంతంలోని ఒక శాంతిభద్రతల ఘటనగా మారిపోవడమే ఆ నవలలోని అసలు విషాదం. మనిషి చచ్చిపోయాడు, అంతకన్నా పెద్ద సంగతి, అతడు ఉన్న చోటుకే వేరే పేరు వచ్చింది.

‘యారో ఆఫ్ గాడ్’ (1964)లో అచెబె ఇంకా లోతుకు పోయాడు. నా దృష్టిలో ఇదే ఆయన ఉత్తమ నవల. ఉముఆరో ఆరు పల్లెల కూటమి. ఎజెయులు ఆ కూటమి దేవత ఉలుకు పూజారి. కెప్టెన్ వింటర్‌బాటమ్ అనే దొర వారంట్ ఛీఫ్‌ల నియామకాన్ని లోలోపల ఇష్టపడడు. అయినా పైనుంచి హుకుం వచ్చింది గనుక ఒక ఛీఫ్‌ను వెతకాలి. భూమి తగాదాలో తన ఊరివారికి వ్యతిరేకంగానైనా నిజం చెప్పిన ఎజెయులు అతనికి గుర్తుకు వస్తాడు. ఎజెయులు ఛీఫ్‌గా ఉండనంటాడు. అతన్ని ఒక్‌పెరిలో నిర్బంధిస్తారు.

ఆ నిర్బంధంలో జరిగినదేమిటి? ప్రతి నెలవంకకూ ఒక పవిత్రమైన కందగడ్డ తినడం ఆ పూజారి విధి. గడ్డలు అయిపోయిన నాడు కొత్త పంట పండగ ప్రకటిస్తాడు. అప్పుడే జనం గడ్డలు తవ్వుకోవాలి. ఊరికి దూరంగా ఉన్నప్పుడు రెండు నెలవంకలు దాటిపోయాయి. తిరిగి వచ్చాక మిగిలిపోయిన గడ్డలు తినేదాకా పండగ లేదంటాడు. పంట నేలలో కుళ్ళిపోతుంది. ఆకలికి తాళలేక జనం చర్చికి గడ్డలు సమర్పించి తవ్వుకోవడం మొదలుపెడతారు. తుపాకి పేలకుండానే, ఒక చిన్న ఉద్యోగి చేతి నిర్బంధపు ఉత్తర్వు ఆరు పల్లెల పంచాంగాన్ని తెంపివేసింది. జిల్లా కచేరీ కాలమూ పొలం కాలమూ ఎట్లా ఢీకొంటాయో ఇంత స్పష్టంగా చూపిన నవలను నేను మరొకదాన్ని చదవలేదు.

అయితే ఈ నవలను ‘సహజమైన పల్లె మీద కృత్రిమమైన జిల్లా దాడి’ అని చదివితే మళ్ళీ పొరపడతాం. అచెబె ఆ అవకాశం ఇవ్వలేదు. నవల మొదట్లోనే ఒక సంగతి చెప్పాడు. ఆ ఆరు పల్లెలు ఒకప్పుడు విడివిడిగా ఉండేవి. అబాం ప్రాంతపు కిరాయి యోధులు రాత్రివేళ వచ్చి ఇళ్ళకు నిప్పుపెట్టి మనుషులను బానిసలుగా పట్టుకుపోయేవారు. ఆ దాడుల్ని తట్టుకోలేక ఆరు పల్లెల పెద్దలు కలుసుకుని, మంత్రవేత్తల్ని పిలిపించి, ఉలు అనే ఉమ్మడి దేవతను నిలబెట్టుకున్నారు. అంటే ఉముఆరో కూడా మనుషులు చేసుకున్న పాలనా ప్రాంతమే. దాని దేవత కూడా మనుషులు చేసుకున్న దేవతే.

నా వాదనంతా ఇక్కడే ఉంది. ప్రాంతాలు సహజమా కృత్రిమమా అనే ప్రశ్న నిరర్థకం. ఏ ప్రాంతమూ ఆకాశం నుంచి ఊడిపడలేదు. అడగవలసినది, ఎవరి అవసరం కోసం ఎవరు చేసినది అని. ఉముఆరో ఆరు పల్లెల ఆత్మరక్షణ కోసం ఆ పల్లెలే చేసుకున్నవి. ఒక్‌పెరి జిల్లా పన్ను కోసం, రోడ్డు పనికి కూలీల కోసం, హుకుం పంపడానికి ఒక చిరునామా కోసం ఇంకెవరో చేసినది. ఉముఆరో ఎందుకు కూలింది అన్నదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఏ అవసరం కోసం ఆ దేవతను చేసుకున్నారో ఆ అవసరాన్ని ఆ దేవత తీర్చలేకపోయిన నాడు, పూజారి పట్టుదల ప్రజల ఆకలికి ఎదురు నిలిచిన నాడు, జనం ఆ కూటమిని వదిలివేశారు.

4

జిల్లా అనేది గీతతో మాత్రమే నడవదు. దానికి మనుషులు కావాలి. దొర ఒక్కడు, అతనికి భాష రాదు. ఈ ఖాళీలో దుబాసీ అనే వర్గం పుట్టింది. మాలి రచయిత అమదూ హంపాతె బా 1973లో ప్రచురించిన ‘వాంగ్రిన్ వింత భాగ్యం’ ఈ వర్గపు చరిత్ర. ఫ్రెంచి వలసలో పాలనా విభాగాన్ని ‘సెర్కిల్’ అంటారు. దాని అధిపతి కమాండెంటు. వాంగ్రిన్ కమాండెంటు పక్కన నిలబడే దుబాసీ. మాట అటు నుంచి ఇటు పోవాలన్నా ఇటు నుంచి అటు పోవాలన్నా అతని నోటి గుండానే పోవాలి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైన్యం కోసం సేకరించే పశువుల లెక్కల్లో అతడు తన వాటా వేసుకుంటాడు. దొరను మోసం చేస్తాడు గనుక పాఠకుడు అతన్ని చూసి నవ్వుతాడు, మెచ్చుకుంటాడు కూడా. కాని ఆ పశువులు పల్లెల నుంచి వచ్చినవే కదా! హంపాతె బా ఈ నిజాన్ని దాచలేదు గాని, వాంగ్రిన్ తెలివి మీది మమకారంతో దాన్ని తేలికపరిచాడు. ఇది ఆ రచనకున్న పరిమితి. స్వాతంత్ర్యం తరువాత కమాండెంటు కుర్చీ ఖాళీ అయినప్పుడు అందులో కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నది వాంగ్రిన్ వారసులే.

ఈ పరిమితిని దాటిన రచన సెంబేన్ ఉస్మాన్ ‘దేవుడి కట్టెముక్కలు’ (1960). 1947 అక్టోబరు నుంచి 1948 మార్చి దాకా డకార్-నైజర్ రైల్వే కార్మికులు చేసిన సమ్మె దీని వస్తువు. ఆ రైలు దారి సెనెగల్‌లోని డకార్ రేవు నుంచి సూడాన్ వలసలోని బమాకో దాటి నైజర్ నది ఒడ్డు దాకా పోతుంది. నవల మూడు పట్టణాల మధ్య నడుస్తుంది: బమాకో, తియెస్, డకార్. రెండు వలసలు, అనేక భాషలు, అనేక జాతులు. ఫ్రెంచివారు ఆ రైలు వేసినది లోపలి పంటను రేవుకు చేర్చడానికి. ఆ పట్టాల మీద పనిచేసే మనుషులు మాత్రం దాన్ని తమ ఐక్యతకు దారిగా మార్చుకున్నారు. బమాకోలో బకయోకో చెప్పిన మాట తియెస్‌లో పనిచేస్తుంది. తియెస్ నుంచి డకార్‌కు నడిచి వచ్చిన స్త్రీల ఊరేగింపు సమ్మె స్వభావాన్నే మార్చివేస్తుంది. ఆ నడక ముందు నిలిచిన పెండా తూటాకు నేలకొరుగుతుంది.

సెంబేన్ ఇక్కడ చూపినది చాలా విలువైనది. పాలకుడు గీసిన గీత పాలకుడి పనికే పరిమితమై ఉండదు. ప్రజలు దాన్ని పోరాటంలో తమదిగా చేసుకోగలరు. కాని ఈ విజయం పట్ల కూడా మనకు భ్రమ ఉండరాదు. నవల అచ్చయిన 1960లోనే సెనెగల్, సూడాన్ కలిసి ఏర్పరచుకున్న మాలి సమాఖ్య ఆగస్టు 20న విడిపోయింది. సూడాన్ మాలి రిపబ్లిక్ అయింది. సరిహద్దు మూసేశారు. డకార్ నుంచి బమాకోకు రైళ్ళు మళ్ళీ తిరగడానికి 1963 దాకా పట్టింది. కార్మికులు కలిపిన దారిని స్వతంత్ర దేశాల నాయకులు తెంపారు. సెంబేన్ నవలను చదివేవారు ఈ చరిత్రను పక్కన పెట్టుకుని చదవాలి. అప్పుడే ఆ స్త్రీల నడకకున్న బరువు తెలుస్తుంది.

5

1964 జూలైలో కైరోలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ ఒక తీర్మానం చేసింది. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి ఉన్న సరిహద్దులను అన్ని దేశాలూ గౌరవించాలని దాని సారాంశం. సోమాలియా, మొరాకోలు ఒప్పుకోలేదు. ఆ తీర్మానాన్ని ద్రోహం అనడం సులభం. ప్రతి గీతనూ తిరగదోడితే ఖండమంతా యుద్ధభూమి అవుతుందన్న భయం ఉత్తుత్తిది కాదు. అయితే బయటి గీతలను కాపాడిన ప్రభుత్వాలు లోపలి గీతలను మాత్రం తమ అవసరాన్ని బట్టి గీస్తూ పోయాయి. నైజీరియా స్వతంత్రమైన 1960లో మూడు ప్రాంతాలు ఉండేవి. 1963లో నాలుగయ్యాయి. బయాఫ్రా యుద్ధానికి ముందు 1967 మే నెలలో 12 రాష్ట్రాలయ్యాయి. 1976లో 19, 1987లో 21, 1991లో 30, 1996లో 36. ఈ విభజనలు చాలామట్టుకు సైనిక ప్రభుత్వాలు చేసినవి. ఇందులో అల్పసంఖ్యాక జాతుల న్యాయమైన కోరికలున్నాయి. పెద్ద జాతుల పెత్తనం కింద నలిగినవారికి రాష్ట్రం ఒక రక్షణ. కాని ప్రతి కొత్త రాష్ట్రంతో పాటు చమురు ఆదాయంలో ఒక కొత్త వాటా, ఒక కొత్త సచివాలయం, కొత్త కాంట్రాక్టర్లు కూడా పుట్టుకొచ్చారు. ప్రజల కోరికా పాలకవర్గపు ఆకలీ ఒకే గీతలో కలిసిపోయాయి. ఈ వైరుధ్యాన్ని విడదీసి చూపడమే రచయిత పని.

గూగీ వా థియాంగో ‘పెటల్స్ ఆఫ్ బ్లడ్’ (1977) ఆ పని చేసింది. కెన్యాలో బ్రిటిష్‌వారు మంచి కొండనేలలను తెల్లవారికి కేటాయించి ఆఫ్రికన్లను రిజర్వులలోకి నెట్టారు. స్వాతంత్ర్యం వచ్చింది. కమిషనర్లు, జిల్లా అధికారులు, ఛీఫ్‌లతో కూడిన ప్రాంతీయ పాలనా యంత్రం అట్లాగే నిలిచింది. తెల్లవాడి స్థానంలో నల్లవాడు వచ్చాడు. 2010 రాజ్యాంగంతో 47 కౌంటీలు వచ్చేదాకా ఆ యంత్రమే నడిచింది. గూగీ నవలలోని ఇల్మొరాగ్ ఈ యంత్రం మరచిపోయిన పల్లె. కరువు వచ్చినప్పుడు ఆ పల్లెవాసులు తమ పార్లమెంటు సభ్యుణ్ణి వెతుక్కుంటూ నగరానికి నడిచిపోతారు. తమకొక ప్రతినిధి ఉన్నాడన్న సంగతి, అతనికి తమ ఊరు ఓట్ల లెక్కలోని ఒక అంకె మాత్రమేనన్న సంగతి ఆ నడకలోనే తెలుసుకుంటారు.

తరువాత ఇల్మొరాగ్ మీదుగా ఖండాంతర రహదారి వస్తుంది. అభివృద్ధి వస్తుంది. బ్యాంకు అప్పులు వస్తాయి. అప్పు తీర్చలేని న్యాకిన్యువా అనే వృద్ధురాలి పొలం వేలానికి పోతుంది. కొత్త ఇల్మొరాగ్ రెండు పేటలుగా చీలిపోతుంది. అధికారులూ మేనేజర్లూ ఉండే పేట కేప్‌టౌన్. కూలీలూ నిరుద్యోగులూ ఉండే గుడిసెల పేట న్యూ జెరూసలెం. స్వతంత్ర కెన్యాలోని ఒక పేటకు జాతివివక్ష రాజ్యపు నగరం పేరు పెట్టడంలో గూగీ ఉద్దేశం స్పష్టమే. రంగును బట్టి గీసిన గీత చెరిగిపోయి, అదే చోట వర్గాన్ని బట్టి కొత్త గీత పడింది. కొన్నిచోట్ల పాత్రలు ఉపన్యాసాలు చెబుతాయన్న విమర్శ ఉంది, కొంత నిజమే. కాని ఆ రెండు పేటల మధ్య దూరాన్ని చూపినప్పుడు నవల ఉపన్యాసం చెప్పలేదు, నడిపించి చూపింది.

ఆ ఏడాది డిసెంబరు 31న గూగీని విచారణ లేకుండా నిర్బంధించారు. ఊరి జనంతో గికుయు భాషలో నాటకం ఆడించడమే ఆయన నేరం. జైల్లో ఆ భాషలోనే రాసిన నవల ఇంగ్లీషులో ‘డెవిల్ ఆన్ ద క్రాస్’ అయింది. వరవరరావు జైల్లో ఉండి చేసిన అనువాదంతో ‘మట్టికాళ్ళ మహారాక్షసి’గా మనకూ దక్కింది. 2025 మే నెలలో గూగీ మరణించేదాకా ఆయన రచనంతా ఒకటే అడిగింది: కుర్చీలో మనిషి మారితే చాలునా?

6

ఇక అవతలి ప్రమాదం చూడాలి. వలసపాలకుల గీత అబద్ధం గనుక తెగ, జాతి, భాష అనే గీత నిజం అనుకునేవారు చాలామంది. దక్షిణాఫ్రికా ఈ మాటకు జవాబు చెబుతుంది. 1913 భూమి చట్టం ఆఫ్రికన్లకు సుమారు 7 శాతం నేలను మాత్రమే వదిలింది. 1936లో దాన్ని సుమారు 13 శాతానికి పెంచారు. తరువాత జాతివివక్ష ప్రభుత్వం ఆ ముక్కలకే ‘స్వదేశాలు’ అని పేరు పెట్టింది. ప్రతి తెగకూ దాని భాష, దాని సంస్కృతి, దాని ప్రాంతం ఉండాలన్నది! వినడానికి ఎంత బాగుంది! ట్రాన్స్‌కై (1976), బొఫుతట్స్వానా (1977), వెండా (1979), సిస్కై (1981) ‘స్వతంత్ర’ దేశాలయ్యాయి. ప్రపంచంలో మరే దేశమూ వాటిని గుర్తించలేదు. బొఫుతట్స్వానా ఒకదానికొకటి తగలని ముక్కల సమూహం. గనులకూ కర్మాగారాలకూ కూలీలను పంపడం, పని అయ్యాక తిరిగి తీసుకోవడం వాటి పని. 1994 ఏప్రిల్‌లో అవి రద్దయ్యాయి. ప్రజల సంస్కృతి పేరుతోనే ప్రజలను పౌరసత్వం లేనివారిగా చేయవచ్చునని ఈ చరిత్ర నేర్పుతుంది. తెగ అనే మాటను పొగిడే ప్రతి రచననూ ఈ వెలుగులో పరీక్షించాలి.

నూరుద్దీన్ ఫరా ‘మ్యాప్స్’ (1986) ఈ పరీక్షను మనిషి శరీరం దాకా తీసుకుపోయింది. సోమాలియా జెండా మీది అయిదు కోణాల నక్షత్రం సోమాలీలు నివసించే అయిదు భూభాగాలకు గుర్తు. అందులో ఒకటైన ఒగాడెన్ ఇథియోపియాలో ఉంది. దానికోసం 1977-78లో యుద్ధం జరిగింది. నవలలో అస్కర్ అనే సోమాలీ అనాథను ఒగాడెన్‌లో పెంచినది మిస్రా; ఆమె సోమాలీ కాదు. పిల్లవాడు పెద్దవాడై మొగదిషు చేరి గోడమీది పటంలో తన దేశపు గీతలు చూసుకుంటూ ఉంటాడు. అదే కాలంలో మిస్రా మీద ద్రోహి అన్న నింద పడుతుంది. చివరికి ఆమె శవమై దొరుకుతుంది. పెంచిన తల్లి ఏ గీతకు ఏ వైపు? ఈ ప్రశ్నకు పటంలో జవాబు లేదు. సోమాలీల దేశాభిమానాన్ని ఫరా తక్కువ చేయలేదు. వలస గీతకు వ్యతిరేకంగా గీసిన గీత కూడా, మనుషులను కొలిచే కొలబద్ద అయిన మరుక్షణం, హత్యకు దారి తీస్తుందని చూపాడు. 1991లో సోమాలియా రాజ్యం కూలిపోయినప్పుడు ఉత్తరాన సోమాలీలాండ్ స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది పాత బ్రిటిష్ వలస సరిహద్దు ఆధారంగానే. చరిత్ర సూత్రాలకు లొంగదు.

మరి దారి ఏమిటి? బెస్సీ హెడ్ ‘వెన్ రెయిన్ క్లౌడ్స్ గ్యాదర్’ (1968)లో ఒక జాడ కనిపిస్తుంది. దక్షిణాఫ్రికా నుంచి పారిపోతున్న మఖాయా సరిహద్దు కంచె దగ్గర ఒక గుడిసెలో దాక్కుని చీకటిలో కంచె దాటడంతో నవల మొదలవుతుంది. అతడు చేరిన గొలెమా ఎమ్మిడీ పల్లెలో ఉన్నవారు చాలామంది ఎక్కడెక్కడి నుంచో వచ్చినవారు. వారిని కలిపినది తెగ కాదు, సేద్యం. బావులు, పంటలు, సహకార సంఘం - వీటి చుట్టూ ఆ పల్లె ఒక ప్రాంతంగా ఏర్పడుతుంది. దానికి అడ్డుపడేది తెల్లదొర కాదు, మటెంగే అనే స్థానిక ఛీఫ్. ఆ నవలలో వ్యవసాయ నిపుణుడైన ఆంగ్లేయుడి మీద రచయిత్రి పెట్టుకున్న నమ్మకం నాకు అతిగానే తోస్తుంది. బయటి మేధావి వచ్చి దారి చూపడం అనే భావన అందులో ఉంది. అయినా ఉముఆరో గురించి అచెబె చెప్పిన సంగతికి ఇది రెండో వైపు. అక్కడ భయం ఆరు పల్లెలను కలిపింది; ఇక్కడ పని కలిపింది.

7

మనకు దీనితో పనేమిటని అడగవచ్చు. 1800లో నిజాం బ్రిటిష్‌వారికి వదిలివేసిన జిల్లాలను ‘సీడెడ్’ అనీ దత్తమండలాలనీ పిలిచేవారు. అది ఇద్దరు పాలకుల మధ్య బదిలీ రసీదు. 1928లో నంద్యాల సభలో ఆ పేరు తీసేసి రాయలసీమ అన్నారు. ఆ పేరుతో అక్కడి ప్రజలు తమ కరువును గురించీ, నీటి హక్కును గురించీ మాట్లాడగలిగారు; కథలు రాయగలిగారు. అదే పేరును వాడుకుని ఎదిగిన ముఠా నాయకులూ కాంట్రాక్టర్లూ కూడా ఉన్నారు. 2016లో తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. ఇక కొత్త జిల్లాల పేర్లతో కథాసంకలనాలు వస్తాయి. రావడం మంచిదే. వాటికి పీఠికలు రాసేవారు మాండలిక పదాల పట్టికతో తృప్తిపడకుండా, ఆ జిల్లా కేంద్రంలో భూమి ధర ఎవరి కోసం పెరిగిందో, దూరపు తండావాడికి కచేరీ దగ్గరైందో లేదో ఆ కథల్లో ఉందా అని కూడా వెతకాలి.

ఆఫ్రికా నవలాకారులు మనకిచ్చిన కొలమానం ఇది. ప్రాంతాన్ని వర్ణించినంత మాత్రాన రచన ప్రజల పక్షం కాదు. ప్రాంతాన్ని తిట్టినంత మాత్రాన విశ్వజనీనమూ కాదు. ఎల్ల గీసినవాడి లెక్కనూ, దాన్ని కాపలా కాసేవాడి జీతాన్నీ, దాన్ని దాటవలసి వచ్చినవాడి ఆకలినీ ఒకేచోట చూపగలిగిన రచన నిలుస్తుంది. ‘యారో ఆఫ్ గాడ్’ అట్లా నిలిచింది. తియెస్ నుంచి డకార్ దాకా నడిచిన స్త్రీల కథ అట్లా నిలిచింది. మన ప్రాంతీయ నవలల్లో ఎన్ని ఈ పరీక్షకు నిలుస్తాయో, పేరుపేరునా తీసుకుని చర్చించవలసిన సమయం వచ్చిందని నేననుకుంటున్నాను.